ఈగ యెరిగిన రుచి

హుస్నాబాదునుండి కోహెడవైపునకు గాని, సైదాపూరువైపునకు గాని, భీమదేవరపల్లివైపునకు గాని పోవు బాటసారికి పొలముగట్లమీదను చెరువుకట్టల చెంతను నిలిచిన తాటిచెట్లు ఎదురగుచునే యుండును. చిరకాలము కరీంనగరము జిల్లాలో నుండి 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన హుస్నాబాదు సీమయందు వ్యవసాయమును అంటిపెట్టుకొని వర్ధిల్లిన వృత్తులలో కల్లుగీత యొకటి. ఎల్లమ్మతల్లికి కల్లుసాక పోసి మ్రొక్కి, నడుమున ముస్తాదు కట్టుకొని, మోకు బిగించి, ఉదయ సాయంకాలములందు చెట్టెక్కు గౌడన్న గెలమొనను పలుచని పొరగా చెక్కి, లొట్టి కట్టి దిగివచ్చుట యిచ్చట తరతరములుగా సాగుచున్న నిత్యకృత్యము.

చెట్టునుండి అప్పుడే స్రవించిన నీరాయందలి తీపికి ప్రధానకారణము చెరకునందును గల సుక్రోజు అను చక్కెర. లొట్టిలోపల సున్నము పూసినచో ఆ తీపి కొంతసేపు చెడక నిలుచును. పూయనిచో గాలినుండియు, పాతలొట్టి గోడలనుండియు వచ్చి చేరిన ఈస్టు ఆ చక్కెరను విరిచి మద్యసారముగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. అటుపిమ్మట వేరొక తెగ సూక్ష్మజీవులు ఆ మద్యసారమును పులుపుగా మార్చివేయును. ఉదయపు కల్లునకును పొద్దుగూకిన వెనుకటి కల్లునకును గల తారతమ్యమును నాలుకకొనతో చెప్పగలుగుట యీ వృత్తివారికి పుట్టుకతో అబ్బిన విద్య. అయితే యీ తారతమ్యము నెరిగిన జీవి మనుష్యుడొక్కడే కాదు. లొట్టిమూతిమీదను, మిగులముగ్గిన పండుమీదను ముసురుకొను ఎర్రకన్నుల చిట్టి ఈగలును దానిని బాగుగ నెరుగును. అట్టి ఈగజాతులలో ఒకదానికి 1830లో జర్మనుపండితుడగు మైగెను డ్రాసోఫిలా మెలనోగాస్టరు అని నామకరణము చేసెను. 3 మిల్లీమీటర్లకు మించని దేహము గల యీ ఈగయు, కల్లును పులియబెట్టు ఈస్టును కలిసి, రుచియను ఇంద్రియజ్ఞానము మెదడులో ఏయే దారుల నడచునో మానవునికి తెలిపిన వృత్తాంతము జీవశాస్త్రచరిత్రలో మిక్కిలి మనోహరమైన అధ్యాయములలో ఒకటి. ఇది పరికరముల చరిత్ర. అంతకంటె ముఖ్యముగా, ఆ పరికరములను చేతినుండి చేతికి నిస్సంకోచముగ అందించుకొన్న ఒక సదాచారము యొక్క చరిత్ర.

ఈగకు రుచి తెలియునని ఎట్లు తెలిసినది? 1920 దశాబ్దమునందు అమెరికాలో డ్వైట్ మినిచ్ అను శాస్త్రజ్ఞుడు సీతాకోకచిలుకలను, ఈగలను పరీక్షించుచు, వాని ముందరి పాదములకు చక్కెరనీరు తగిలినంతనే ముడిచిపెట్టుకొన్న తొండము ముందునకు చాచబడుట గమనించెను. నోటికి అందకముందే పాదమునకు తీపి తెలిసినదన్నమాట. ఈగకు రుచి నెరుగు రోమములు పెదవిమీదనే గాక పాదములమీదను, రెక్కల అంచులమీదను గూడ కలవు; కావున అది ఆహారముపై వాలుటయే ఆహారమును చవిచూచుట. ఈ తొండము చాచు చేష్ట సులభముగ కంటికి కనబడునది, సందేహమునకు తావీయనిది. నూరేండ్లుగా ఈగ రుచినిగూర్చిన పరిశోధనల కన్నిటికిని ఇదియే ప్రమాణమై నిలిచినది.

చేష్ట కనబడినంతమాత్రమున నాడి కనబడదు. ఆ కొరతను 1955లో హాడ్జ్‌సన్, లెట్విన్, రోడర్ అను మువ్వురు తీర్చిరి. వారు అనుసరించిన పద్ధతి సరళమైనను సూక్ష్మమైనది: వెంట్రుకకంటె సన్నని మొన గల గాజుగొట్టములో చక్కెరద్రావణమును, అందు చిటికెడు ఉప్పును నింపి, ఈగ పెదవిమీది ఒకే యొక రోమపు కొనకు దానిని తొడిగిరి. ఆ రోమపు కొనయందు ఒక సూక్ష్మరంధ్రము కలదు. దానిగుండ చక్కెర లోనికి చొచ్చి నాడిని ప్రేరేపించును. ఉప్పునీరు విద్యుత్తును మోసుకొనిపోవును. తెరమీద నాడీస్పందనలు నిలువుగీతలై వరుసగా లేచును. రుచి చూపించు సాధనమును, దాని ప్రభావమును వినిపించు సాధనమును ఒకటే యగుట ఈ పద్ధతిలోని విశేషము. విన్సెంట్ డెథియర్ తన జీవితమును మాంసపుటీగ రుచినాడులకే అంకితము చేసి, 1962లో సామాన్యపాఠకులకొరకు ఒక చిన్నపుస్తకమును, 1976లో ఆకలిగొన్న ఈగనుగూర్చి ఒక మహాగ్రంథమును వెలువరించెను. డ్రాసోఫిలా పెదవి కిరుప్రక్కలను 31 చొప్పున రుచిరోమములు కలవనియు, ఒక్కొక్క రోమమునందు రెండుగాని నాలుగుగాని రుచినాడీకణములు ఉండుననియు, నాలుగు గల రోమములలో ఒకటి తీపికి, ఒకటి నీటికి, ఒకటి స్వల్పలవణమునకు, నాలుగవది చేదునకును తీవ్రలవణమునకును పలుకుననియు క్రమముగా స్థిరపడినది.

మాంసపుటీగ పెద్దది, దాని రోమమునకు గాజుగొట్టము తొడుగుట సులభము. కాని జన్యుశాస్త్రజ్ఞుని ఈగ అది కాదు. కొలంబియా విశ్వవిద్యాలయమునందు టి. హెచ్. మోర్గన్ 1910లో తెల్లకన్నుల మగఈగ నొకదానిని కనుగొన్ననాటినుండి డ్రాసోఫిలాయే జన్యుశాస్త్రమునకు ప్రధానవాహనమైనది. 25 డిగ్రీల వెచ్చదనమునందు పదిదినములలో ఒక తరము ముగియుట, నాలుగే జతల క్రోమోజోములుండుట, ఒక చిన్న గాజుసీసాలో వందలకొలది ఈగలు పెరుగుట దీని సుగుణములు. 1913లో స్టర్టెవాంట్ మొదటి జన్యుపటమును గీచెను. 1927లో ముల్లర్ ఎక్సుకిరణములచే జన్యువులను మార్చవచ్చునని నిరూపించెను. ఆ తరువాత 1960 దశాబ్దమునందు కాలిఫోర్నియాలో సీమూర్ బెంజర్, కన్నుల రంగును రెక్కల ఆకారమును విడిచి, ఈగ నడవడినే జన్యువులమూలమున విడదీసి చూడవచ్చునన్న సాహసోక్తిని ప్రకటించి, వెలుతురువైపు పోవుటకు నిరాకరించు ఈగలను ఏరి చూపెను.

ఇచ్చటనే భారతదేశము ఈ చరిత్రలో ప్రవేశించినది. 1932లో నేటి ఉత్తరప్రదేశమున బస్తీజిల్లాయందు జన్మించి, అలీగఢ్‌లో చదివి, గ్లాస్గోలో పాంటెకోర్వో శిష్యుడై శిలీంధ్రముల జన్యుశాస్త్రము నభ్యసించి, అమెరికాలో అలన్ గారెన్‌తో కలిసి అర్థహీనమైన జన్యుసంకేతములను అణచు ఉత్పరివర్తనములను కనుగొన్న ఒబైద్ సిద్దీఖీ, హోమీ భాభా ఆహ్వానముపై 1962లో బొంబాయి టాటా మౌలిక పరిశోధనాసంస్థయందు అణుజీవశాస్త్ర విభాగమును స్థాపించెను. దశాబ్దము గడచినపిమ్మట ఆయన దృష్టి సూక్ష్మజీవులనుండి ఈగ నాడీమండలముపైకి మరలినది. 1976లో బెంజర్‌తో కలిసి, వెచ్చదనము పెరిగినంతనే పక్షవాతమునకు లోనగు ఈగల నాడీలోపములను ప్రకటించెను. ఆ కాలముననే కెన్యాలో జన్మించి డబ్లినులో చదువుకొన్న వెరోనికా రోడ్రిగ్స్ అను యువతి డాక్టరేటు పరిశోధనకై బొంబాయి చేరెను. గురుశిష్యు లిరువురును కలిసి వాసనను, రుచిని గ్రహించు శక్తిలో లోపించిన ఈగలను వెదకి, 1978లో భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్సులో తమ విశ్లేషణమును ప్రచురించిరి. విదేశపు పత్రికకై ఎదురుచూడక స్వదేశపు పత్రికలో వెలువడిన ఆ వ్యాసమును నేటికిని ప్రపంచమంతటను ఈ శాఖలో పనిచేయువారు మూలగ్రంథములలో నొకటిగా స్మరించుచున్నారు.

ఈ వెదకులాట ఎట్టిదో కొంత వివరముగ చూడదగినది. మగఈగలకు చక్కెరనీటిలో ఇథైల్ మిథేను సల్ఫోనేటు అను ద్రవ్యమును కలిపి త్రాగించినచో వాని బీజకణములలోని జన్యువులయందు అచ్చటచ్చట మార్పులు కలుగును. వాని సంతతిని వేలకొలది పెంచి, ఒక్కొక్క వంశమును వేరువేరు సీసాలలో నిలిపి, ఏ వంశపు ఈగలు తీపికి చలింపవో, ఏవి చేదును సహించునో పరీక్షించి ఏరవలెను. దీనికి జపానుదేశమున తానిమురా, ఇసోనో మొదలగువారు 1982లో వాడిన ద్విరంగు పరీక్ష ముగ్ధమనోహరమైనది. ఆకలిగొన్న ఈగలను చీకటిలో ఒక చిన్నపలకపై విడుతురు. ఆ పలకలోని గుంటలలో ఒక దాని విడిచి ఒకదానియందు ఎర్రరంగు కలిపిన ఒక చక్కెరయు, తక్కినవానియందు నీలిరంగు కలిపిన మరియొక చక్కెరయు ఉండును. గంటయో రెండు గంటలో గడచినపిమ్మట ఈగలను వెలుగులోనికి తెచ్చి పొట్టలను చూచినచో, పారదర్శకమగు ఆ పొట్టచర్మముగుండ ఎరుపో, నీలమో, రెండును కలిసిన ఊదారంగో కంటికి గోచరించును. ఈగ ఏది కోరినదో దాని పొట్టయే సాక్ష్యము పలుకును. ఈ పరీక్షచేతనే ట్రెహలోజు అను చక్కెరకు చలించు వంశములును, చలింపని వంశములును ప్రకృతిలోనే యున్నవని వారు కనుగొనిరి.

1974లో జపానునందు ఇసోనో, కికుచీలును, 1975లో ఇజ్రాయెలునందు ఫాక్, అటిడియాలును, 1979లో అమెరికాలో టాంప్‌కిన్స్ బృందమును ఇట్టి ఈగలనే వెలువరించిరి. బొంబాయివారు ఈ వరుసలో వెనుకబడినవారు కారు, మొదటివారితో సమానముగ నడచినవారు. 1981లో రోడ్రిగ్స్, సిద్దీఖీలు పైరనోజుజాతి చక్కెరలను మాత్రమే సరిగా గ్రహింపలేని ఈగ నొకదానిని వర్ణించిరి. తీపి యనునది ఒకటే తలుపుగుండ లోనికి పోవునది కాదనియు, చక్కెరల నిర్మాణభేదమునుబట్టి వేర్వేరు గ్రాహకములు ఉండవలెననియు దీనివలన బలపడినది. ఆ సంస్థయందే నాయక్, ఆర్. ఎన్. సింగ్‌లు ఈగ పాదములమీదను, పెదవిమీదను గల రోమములను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో 1983లో లెక్కించి వర్ణించి, 1985లో పెదవినుండి మెదడునకు పోవు నాడీతంతువుల త్రోవలను జాడదీసిరి. 1987లో రుచినాడీకణముల విశిష్టతనే మార్చు జన్యువు నొకదానినిగూర్చి సిద్దీఖీ బృందము నేచరు పత్రికలో ప్రకటించెను. జన్యువు, నాడి, నడవడి అను మూడింటిని ఒకే కప్పుక్రింద పరిశీలించుట ఆనాటి ప్రపంచమున అరుదైన విషయము.

అయినను ఆ పరిశోధకుల చేతులు ఒక చోట కట్టుబడి యుండెను. ఉత్పరివర్తనముచే జన్యువును చెడగొట్టినపుడు అది ఈగ శరీరమంతటను చెడును. ఏ కణమునందలి లోపము ఏ చేష్టకు కారణమో నిశ్చయించుట దుర్ఘటము. నాడీతంతువులకు రంగెక్కించినపుడు త్రోవ కనబడును గాని ఆ త్రోవ తీపిదో చేదుదో తెలియదు. ఒకే రోమములో నాలుగు కణములు ప్రక్కప్రక్కనే యుండగా, అందొక దానినిమాత్రమే ఎన్నుకొని, దానికి వెలుగునో, నిద్రనో, మరణమునో ప్రసాదింపగల పరికరము కావలసియుండెను.

ఆ పరికరము ఈస్టునుండి వచ్చినది. ఏ ఈస్టు కల్లును పులియబెట్టునో ఆ శాకరోమైసిస్ సెరివిసియేయందు గాల్4 అను ప్రోటీను కలదు. గెలాక్టోజు అను చక్కెర ఎదురైనపుడు దానిని జీర్ణించుకొనుటకు వలయు జన్యువుల ముంగిట గల ఒక నిర్ణీతమైన డి.ఎన్.ఏ. వరుసను పట్టుకొని వానిని మేల్కొల్పుట దీని పని. ఆ ముంగిటి వరుసకు యూఏఎస్ అని పేరు. ఈగయందు గాల్4 లేదు, యూఏఎస్‌ను లేదు. కావున ఈ రెండింటిని ఈగలో ప్రవేశపెట్టినచో అవి ఒకదానితో నొకటి తప్ప ఈగ స్వంతజన్యువులతో సంబంధము పెట్టుకొనవు. 1982లో రూబిన్, స్ప్రాడ్లింగ్‌లు పి మూలకమను సంచారశీలమైన డి.ఎన్.ఏ. ముక్కద్వారా ఈగలోనికి కొత్తజన్యువులను చేర్చు మార్గము చూపియుండిరి. 1987లో బాసెల్‌నందు ఓకేన్, గెరింగ్‌లు అట్టి ముక్క ఎచ్చట పడునో ఆ పరిసరపు జన్యువుల ఆజ్ఞకు లోబడి కొన్ని కణములందే వెలువడునని నిరూపించియుండిరి. 1988లో ఫిషర్, ప్టాష్నే మొదలగువారు ఈస్టు గాల్4 ఈగ కణములందును పనిచేయునని తెలిపియుండిరి. ఈ మూడు పాయలను ఒకటిగా పేని 1993లో హార్వర్డునందు ఆండ్రియా బ్రాండ్, నోర్బర్ట్ పెరిమాన్‌లు గాల్4–యూఏఎస్ పద్ధతిని లోకమునకు అందించిరి.

దాని నడక యిట్టిది. ఒక వంశపు ఈగలయందు గాల్4 ఒక నిర్ణీతమైన కణజాతిలో మాత్రమే తయారగును; ఆ ఈగలకు దానివలన మేలుగాని కీడుగాని లేదు. మరియొక వంశపు ఈగలయందు యూఏఎస్ వెనుక మనకు కావలసిన జన్యువు అన్ని కణములందును ఉండును. కాని పిలుపు లేనందున అది నిద్రించుచుండును. ఈ రెండు వంశములను కలిపినపుడు పుట్టిన పిల్లలయందు మాత్రమే, గాల్4 ఉన్న కణములందు మాత్రమే, ఆ జన్యువు మేల్కొనును. గ్రామములో ప్రతివీధియందును ఇండ్లున్నను ఏ వీధిలో చాటింపు డప్పు మ్రోగునో ఆ వీధివారే బయటికి వచ్చునట్లు, ఈగ దేహమంతటను జన్యువున్నను గాల్4 పలికినచోటనే అది కదలును. నూరు గాల్4 వంశములును నూరు యూఏఎస్ వంశములును ఉన్నచో పదివేల ప్రయోగములకు దారి యేర్పడును; కొత్తగా ఒక్క వంశము నిర్మించినవాడు పాతవాని నన్నిటిని తనవిగా చేసికొనును. యూఏఎస్ వెనుక జెల్లీచేపనుండి తెచ్చిన ఆకుపచ్చని కాంతిప్రోటీను నుంచినచో ఆ కణము తన తంతువు పొడవునను వెలుగును. విషప్రోటీను నుంచినచో ఆ కణమొక్కటియే నశించును. నాడీసంకేతమును ఆపు ప్రోటీను నుంచినచో అది మూగయగును. ఈస్టుయందు గాల్4ను అదుపులోనుంచు గాల్80 అను మరియొక ప్రోటీను గూడ 1999లో లీ, లువోల చేతిలో ఈగకు పరికరమైనది.

పరికరము సిద్ధమైనది, ఏ కణమును ఎన్నుకొనవలెనో చెప్పు గుర్తు ఇంకను కావలెను. 2000 నాటికి ఈగ జన్యుసంపుటి చాలవరకు వెలువడుటతో అదియు లభించినది. ఆ సంవత్సరముననే యేలు విశ్వవిద్యాలయమునందు క్లైన్, వార్, కార్ల్‌సన్‌లు ఆ డి.ఎన్.ఏ. లిపియందు కణపుపొరను పలుమార్లు దాటు ప్రోటీనులకొరకు గణనయంత్రముతో వెదకి, రుచిగ్రాహకముల కుటుంబమును కనుగొనిరి. జీఆర్ అని పేరుగాంచిన ఆ కుటుంబమునందు 60 జన్యువులును, వానినుండి 68 గ్రాహకములును కలవు. మరుసటి యేడు మోర్గన్ ఒకప్పుడు ఈగలను పెంచిన కొలంబియా విశ్వవిద్యాలయముననే రిచర్డ్ ఆక్సెల్ పరిశోధనశాలయందు క్రిస్టిన్ స్కాట్ మొదలగువారును, వేరొకచోట హ్యూబర్ట్ అమ్రైన్ బృందమును ఈ జన్యువుల ముంగిటి వరుసలకు గాల్4ను తగిలించి, అవి రుచినాడీకణములందు వెలువడుట చూపిరి. తానిమురా నాటి ట్రెహలోజు రహస్యమును 2001లో తేలిపోయి, జీఆర్5ఏ అను గ్రాహకము దానికి కారణమని రూఢమైనది.

2004లో స్కాట్ బృందమును, అమ్రైన్ బృందమును వేరువేరుగా ప్రచురించిన పటము ఈ చరిత్రలో ఒక శిఖరము. జీఆర్5ఏ గల కణములు తీపికి, జీఆర్66ఏ గల కణములు చేదునకు చెందినవి. ఈ రెండు తెగలును ఏ కణమునందును కలియవు. వాని తంతువులు అన్నవాహిక క్రిందనున్న మెదడుభాగమునకు పోయి వేరువేరు తావులందు ముగియును. తీపికణములను నశింపజేసిన ఈగ చక్కెర తగిలినను తొండము చాచుట మందగించును. చేదుకణములను నశింపజేసినది చేదును రోయుట మానును. పాదమునుండి వచ్చిన తీపికిని, పెదవినుండి వచ్చిన తీపికిని మెదడులో తావులు వేరగుటయు అప్పుడే గోచరించినది. పొట్టరంగునుబట్టి ఊహించిన దానిని కంటితో చూచుట అప్పటికి సాధ్యపడినది.

దీనిని నిస్సందేహముగ నిరూపించిన ప్రయోగము మిరపకాయతో ముడివడియున్నది. వరంగల్లు ఎనుమాముల బజారునకు ఎండుమిర్చి బస్తాలను తోలుకొనిపోవు రైతులకు కారముయొక్క ఘాటును వర్ణించి చెప్పనక్కరలేదు; ఆ ఘాటునకు మూలమగు కాప్సైసిను అను ద్రవ్యము ఈగ రుచికి మాత్రము ఏమియును కాదు. దానికి తగిన గ్రాహకము ఈగయందు లేదు. 2006లో సునంద మారెళ్ల ప్రథమరచయిత్రిగా వెలువడిన స్కాట్ బృందపు వ్యాసమున, క్షీరదములయందలి కాప్సైసిను గ్రాహకమును యూఏఎస్ వెనుక నుంచి, ఒకమారు ఈగ తీపికణములందును, ఒకమారు చేదుకణములందును వెలువరింపజేసిరి. తీపికణములందు ఆ గ్రాహకమున్న ఈగలు కాప్సైసినును తీపివలె కోరి త్రాగినవి. చేదుకణములందు ఉన్నవి దానిని రోసి తొలగినవి. ద్రవ్యమొక్కటే, జీవి యొక్కటే. తలుపు మారినంతనే కోరిక వెగటుగ మారినది. అనగా, రుచి ద్రవ్యమునందు లేదు. ఏ నాడీకణము మేల్కొన్నదను దానియందు కలదు. ఆ వ్యాసముననే, కణము చలించినపుడు కాంతి హెచ్చునట్టి ప్రోటీనుతో, చక్కెర తగిలినక్షణమున మెదడులో ఒక తావు ప్రకాశించుటయు, చేదు తగిలినపుడు మరియొక తావు ప్రకాశించుటయు ప్రత్యక్షముగ చూపబడెను.

అటుపిమ్మటి పని ఈ పటమును సవిస్తరము చేయుట. 2010లో నీటిరుచిని గ్రహించు జన్యువు తెలిసినది. 2011లో వైస్, దహానుకర్, కార్ల్‌సన్ మొదలగువారు జీఆర్ కుటుంబమునకు గాల్4 వంశములను నిర్మించి, పదునారు చేదుద్రవ్యములను పెదవిమీది రోమములన్నిటిపైనను పరీక్షించి, చేదునెరుగు రోమములును ఒక్క తీరున నుండక నాలుగు తెగలుగా విడివడుట చూపిరి. 2012లో అమ్రైన్ బృందము పండ్లచక్కెరను గ్రహించు జీఆర్43ఏ మెదడులోపలను ఉండి, తిన్నది నెత్తురులోనికి చేరిన వార్తను గ్రహించునని తెలిపి ఆశ్చర్యము కలిగించెను. 2014లో క్వాన్, దహానుకర్, వైస్, కార్ల్‌సన్‌లు ఈ వంశముల సాయమున దేహముమీది రుచికణముల తంతువులు నాడీమండలములో ముగియు తావులనన్నిటిని ఒక సమగ్రపటముగా గీచి, బెంగుళూరునుండి భారతీయ విజ్ఞాన అకాడమీ వెలువరించు జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో ప్రకటించిరి. 1978లో రోడ్రిగ్స్, సిద్దీఖీల వ్యాసమును ముద్రించిన అకాడమీయే ముప్పదియారేండ్ల పిమ్మట ఈ పటమును ముద్రించినది. అప్పటికి వారిరువురును ఈ లోకమున లేరు. రోడ్రిగ్స్ 2010లోను, బెంగుళూరు జాతీయ జీవవిజ్ఞాన కేంద్రమును స్థాపించి పెంచిన సిద్దీఖీ 2013లోను పరమపదించిరి. వారు విత్తిన ప్రశ్నకు ఫలితము వారి దేశపు పత్రికలోనే పండినది. 2024లో వయోజనయగు ఆడఈగ మెదడునందలి 1,39,255 నాడీకణములను, వాని నడుమగల 5 కోట్లకు పైబడిన సంధులను పూర్తిగా చిత్రించిన పటము వెలువడినది. ఆ సంవత్సరముననే ఒక బృందము ఆ పటమును గణనయంత్రమునందు నడిపించి, తీపికణమును ప్రేరేపించినచో తొండమును కదల్చు కణమువరకు ఏయే కణములు మేల్కొనవలెనో ముందుగ లెక్కించి, పిదప ఈగపై గాల్4 వంశములతో సరిచూచుకొనెను. నేటికిని తుదితీర్పు ఆ ఈస్టు ప్రోటీను చేతనే జరుగుచున్నది.

ఇంత పని యిన్ని దేశములందు ఇంత త్వరితముగ జరుగుటకు కారణమేమని విచారించినచో, ఈగశాస్త్రజ్ఞుల నడుమ మోర్గన్ కాలమునుండి పాదుకొన్న ఒక ఆచారము గోచరించును. కొత్తవంశము నొకదానిని కనుగొన్నవాడు దానిని దాచుకొనక అడిగినవారికి పంపవలెను. ఇది వ్రాతలేని శాసనము. 1934లో బ్రిడ్జెస్, డెమెరెక్‌లు ఆరంభించిన డ్రాసోఫిలా సమాచారపత్రికయందు ఎవరివద్ద ఏ వంశములు కలవో అచ్చుచేసి తెలుపుట ఈ ఆచారమునకు తొలిరూపము. నేడు ఇండియానా విశ్వవిద్యాలయమునందలి బ్లూమింగ్టను కేంద్రము వేలకొలది వంశములను సజీవముగ కాపాడి, కోరిన శాలలకు సీసాలలో పంపుచున్నది. గాల్4 వంశములును ఇట్లే ప్రపంచమంతటను ప్రాకినవి. వీనినన్నిటిని సొంతసొత్తుగా మూటకట్టుకొనియున్నచో రుచిపటము ఇప్పటికి సగమైనను పూర్తియయ్యెడిది కాదు.

తెలుగునాడునకు ఈ విద్యతో సంబంధము లేకపోలేదు. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో జె. బి. ఎస్. హాల్డేన్ శిష్యుడై, సీతాకోకచిలుకలు ఏ రంగుపూలను కోరి వాలునో గమనించి 1960లో నేచరు పత్రికలో వ్రాసెను. కీటకము దేనిని ఎన్నుకొనుననునది ఆ తెలుగువాని తొలిప్రశ్నలలో నొకటి. 1977లో హైదరాబాదునందు వెలసిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమునందు ఈగ దేహనిర్మాణమును శాసించు జన్యువులపై పరిశోధన కొనసాగుచున్నది. అయితే యీ విద్య పెద్దసంస్థలకే పరిమితమగుట తగదు. మైసూరు విశ్వవిద్యాలయమువారు చిరకాలముగ ఈగలను పెంచుచున్న ఆహారము 1000 మిల్లీలీటర్ల నీటిలో 100 గ్రాముల గోధుమరవ్వ, 100 గ్రాముల బెల్లము, 10 గ్రాముల అగరు ఉడికించి, బూజుపట్టకుండ కొంచెము ప్రొపియోనిక్ ఆమ్లము కలిపినది. ఇందు అగరు, ఆమ్లము తప్ప తక్కినవి మన వంటింటివే. తినదగిన రెండురంగులు, చక్కెర, ఒక పలక ఉన్నచో తానిమురా పరీక్షను హుస్నాబాదు కళాశాలవిద్యార్థియు చేయవచ్చును. పరిసరపు తాటివనములనుండి పట్టితెచ్చిన ఈగలలో ఏవి ఏ చక్కెరకు చలించునో, ఏవి చేదును సహించునో లెక్కించి వ్రాయవచ్చును. తరతరములుగా పులిసిన కల్లుపై జీవించిన ఈగవంశముల రుచి, బెల్లపురవ్వపై పెరిగిన ఈగల రుచికంటె భిన్నమా యను ప్రశ్న యిచ్చటివారికే సహజముగ తోచునది.

ఈ చరిత్ర నేర్పునది ఇది: తెలివితేటలు ఎవరికైనను ఉండవచ్చును, కాని ఒకరు చేసిన పరికరము మరియొకరి చేతిలో మరియొక ప్రశ్నకు పనికివచ్చినపుడే విద్య పెరుగును. బొంబాయివారు ఈగల నేరిరి, బాసెల్‌వారు డి.ఎన్.ఏ. ముక్కలను వెదజల్లిరి, హార్వర్డువారు ఈస్టునుండి అరువు తెచ్చిరి, జెల్లీచేప వెలుగునిచ్చెను, మిరపకాయ సాక్ష్యమిచ్చెను. ఆ వరుసలో మనము పుచ్చుకొన్నవారమే గాక ఇచ్చినవారమును అగుట, మన కళాశాలలయందు ఈగలసీసాలు వెలసి, మన వంశములను మనము కనిపెట్టి, అడిగినవారికి లేదనక పంపగలిగిననాడు సంపూర్ణమగును.